మౌలాలి గుట్ట: సమాధి లేని దర్గా

సికింద్రాబాదునకు ఈశాన్యమున, నేటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాయందు, నున్నని నల్లరాతి గుట్ట యొకటి సమతలమునుండి ఒక్కపెట్టున లేచి నిలిచియున్నది. సముద్రమట్టమునకు ఇంచుమించు 2,000 అడుగుల ఎత్తుననున్న దాని శిఖరమునకు దాదాపు 500 మెట్లు కలవు. శిఖరముమీద ఒక దర్గాయు, దానికి తోడుగా మసీదును వెలసియున్నవి. పారసీక గ్రంథములందు ఈ గుట్టకు కోహె మౌలా అలీ యని పేరు. జనవ్యవహారమున నది మౌలాలి యైనది. గుట్ట పేరే క్రమముగా ఊరికిని, రైలునిలయమునకును సంక్రమించినది. తెలుగునాట ఆ పదము మనుష్యనామముగ సయితము వ్యాపించి, మౌలాలి యను పేరుగలవారు పల్లెపల్లెను కానవచ్చుచున్నారు.

ఈ స్థలమునుగూర్చి వ్రాయువారు తఱచుగా రెండు మార్గములలో నొకదానిని అనుసరింతురు. కొందఱు ఐతిహ్యమును యథాతథముగ చెప్పి, అదియే చరిత్రయని ముగింతురు. మఱికొందఱు ఐతిహ్యమును త్రోసిపుచ్చి, రాజులు కట్టించిన కట్టడముల పట్టికయే చరిత్రయని తలంతురు. ఈ రెండింటివలనను స్థలము యొక్క నిజస్వరూపము మఱుగుపడుచున్నది. ఇట మహాత్ముని సమాధి లేదు. ఏ పీరు వంశమును ఇట స్థాపింపబడలేదు. స్థాపించిన రాజవంశము 1687లోనే అంతరించినది. అయినను నాలుగు శతాబ్దములకు పైగా ఈ గుట్టకు యాత్ర సాగుచునే యున్నది. అది యెట్లు నిలిచెనో విచారించుటయే ఈ గుట్ట చరిత్రలోని ముఖ్యాంశము.

పదవిచారము

తొలుత మూడు పదములను వేర్వేరుగ గ్రహింపవలయును. మసీదు అనగా సాష్టాంగప్రణామము చేయు స్థలము. అందు ముఖ్యమైనది మక్కాదిక్కును తెలుపు మిహ్రాబు. దక్కనులో నది పడమటి గోడయందుండును. అందు విగ్రహముగాని, చిహ్నముగాని, సమాధిగాని పూజార్థమై యుండదు. శుక్రవారపు సామూహిక ప్రార్థనమందు ఖుత్బా యను ధర్మోపన్యాసము చదువబడును. పూర్వకాలమున ఖుత్బాలో ఏ ప్రభువు పేరు చదువబడునో అతడే ఆ దేశమునకు ప్రభువని లోకమునకు తెలియుచుండెను. కావున మసీదు భక్తిస్థానమేగాక రాజ్యాధికారమును చాటు స్థానము కూడ నయ్యెను.

ఆషూర్ఖానా యనునది ముహర్రము మాసమున ఇమాము హుస్సేనుని వీరమరణమును స్మరించుటకై పీర్లను, అనగా అలములను, నిలుపు శాల. తెలుగుపల్లెలలో పీర్లచావిడి యని పిలువబడునది ఇదియే.

ఇక దర్గా యనునది పారసీకపదము. దర్ అనగా ద్వారము, గాహ్ అనగా స్థానము. ద్వారస్థానము లేక కొలువుకూటమని అర్థము. హిందూదేశమున మహాత్ముల సమాధిమందిరములకు ఈ పదము రూఢమైనది గాన, దర్గా యనినంతనే సమాధి యుండునని తలచుట సహజమైనది. కాని పదము యొక్క మూలార్థమున సమాధి లేదు. ప్రభువు వాకిట నిలిచి విన్నపము చేసికొను చోటే దర్గా. మౌలాలి దర్గా ఈ మూలార్థమునకు చక్కని యుదాహరణము.

ఉరుసు అను పదమును ఇట్టిదే. అరబ్బీలో నది వివాహమును తెలుపును. మహాత్ముడు దేహమును వీడి భగవంతునితో నైక్యమందిన దినమును పెండ్లిదినముగ భావించి, ఆ వర్ధంతికి ఉరుసు అని పేరిడిరి. మౌలాలిలో జరుగు ఉత్సవమునకు కూడ జనులు ఉరుసనియే చెప్పుదురు. కాని అది ఎవరి వర్ధంతియు కాదు. ఒక స్వప్నము యొక్క వార్షికోత్సవము. ఆ స్వప్నమును కన్నవాడు రాజుకాడు, విద్వాంసుడుకాడు, సన్యాసియుకాడు.

యాకూతు స్వప్నము

గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుచుండగా (1550–1580), ఆతని కొలువులో యాకూతు అను ఖ్వాజాసరా యుండెను. ఖ్వాజాసరా యనగా సంస్కృతమున వర్షవరుడని చెప్పబడు అంతఃపురోద్యోగి. యాకూతు అనగా కెంపు. దాసులకును అంతఃపుర సేవకులకును రత్నముల పేర్లను, పరిమళద్రవ్యముల పేర్లను పెట్టుట ఆనాటి యాచారము. అహమ్మదునగరపు మంత్రి మలిక్ అంబరు పేరును అట్టిదే. తండ్రి పేరుగాని, ఊరి పేరుగాని లేక, యజమానుడు పెట్టిన రత్నపు పేరుమాత్రమే మిగిలిన మనుష్యుడు యాకూతు.

హిజ్రీ 986వ సంవత్సరము రజబు మాసము 16వ నాటి రాత్రి యాకూతు ఒక కలగనెను. ఆకుపచ్చని వస్త్రములు దాల్చిన యొక పురుషుడు వచ్చి, మౌలా అలీ నిన్ను పిలుచుచున్నాడని చెప్పెను. యాకూతు ఆతనివెంట నడచి యొక గుట్ట పైకి పోయెను. అచట హజ్రత్ అలీ తన కుడిచేతిని ఒక రాతిమీద నాన్చి కూర్చుండియుండెను. యాకూతు ఆతని పాదములకు మ్రొక్కెను. నోరువిప్పి విన్నవించుకొనక మునుపే మెలకువ వచ్చెను. తెల్లవాఱినంతనే అతడు గోలకొండను విడిచి గుట్టను వెదకుచు పోయి శిఖరమునెక్కగా, కలలో చూచిన చోటనే రాతిమీద హస్తముద్ర కనబడెను. ఆ ముద్రగల రాతిని తొలిపించి, అచటనే ఒక గొప్ప కమానును కట్టించి దానియందు నిలిపించెను. ఇదియే ఐతిహ్యసారము.

ఈ కథ నేడు ప్రచారమునందున్న రూపమున అసఫ్‌జాహీల కాలపు పారసీక రచనల మూలమున వచ్చినది. వానిలో 19వ శతాబ్ది మధ్యభాగమున వెలసిన గుల్జారె ఆసఫియా ప్రసిద్ధమైనది. అనగా సంఘటనమునకును ఆ రచనకును నడుమ రెండున్నర శతాబ్దములకు పైబడిన యెడము కలదు. కావున కథయందలి ప్రతివాక్యమును చారిత్రకసత్యముగ గైకొనరాదు. అలీ ప్రవక్తకు తండ్రిసోదరుని కుమారుడు, అల్లుడు. సున్నీలకు నాలుగవ ఖలీఫా, షియాలకు మొదటి ఇమాము. అతడు 661లో ఇరాకునందలి కూఫా నగరమున హతుడయ్యెను. ఆతని సమాధి నజఫునందున్నదని అధికసంఖ్యాకుల విశ్వాసము. అలీ దక్కనునకు వచ్చెనని ఐతిహ్యము కూడ చెప్పదు. అది చెప్పునది స్వప్నదర్శనమును, దాని గుఱుతును మాత్రమే. జనులలో కొందఱు అలీ ఇచటికి వచ్చెనని చెప్పుకొనుట ఐతిహ్యమునకు సయితము విరుద్ధము.

కాలనిర్ణయము

కథయందలి తేదినుండి కొంత చరిత్రను రాబట్టవచ్చును. ముస్లిము పంచాంగమున సూర్యాస్తమయముతోనే క్రొత్త దినము మొదలగును. అందుచే 16వ నాటి రాత్రి కల, మఱునాటి కొండయాత్ర యనునవి రెండును కలిసి 17వ తేది యొక్క పర్వముగ నిలిచినవి. హిజ్రీ 986 రజబు 17 అనునది గణించినచో 1578 సెప్టెంబరు మూడవ వారమునకు వచ్చును. హైదరాబాదు నగరము అప్పటికి పుట్టలేదు. చార్‌మినారు 1591 నాటిది. మూసీపై పురానాపూలు కట్టబడినదియు 1578లోనే. అనగా ఈ యైతిహ్యము చెప్పు కాలమున రాజధాని గోలకొండ దుర్గమే. అచటికి ఈ గుట్ట సుమారు 20 కిలోమీటర్ల దూరము. దర్గా నగరముకంటె ముందు వెలసినది. నగరము తరువాత దానివైపు పెరుగుచు పోయినది.

మఱియొక విషయము గమనింపదగును. ఇబ్రహీం కుతుబ్‌షా మఱుసటి యేడు రజబు 17నాడు గుట్టకు వచ్చి ఉత్సవము నెఱపెనని చెప్పుదురు. మఱుసటి రజబు మాసము 1579 సెప్టెంబరులో పడును. ఆపై వచ్చిన రజబు 1580 ఆగస్టులోనిది. కాని ఇబ్రహీము 1580 జూనులోనే మరణించెను. కావున ఇబ్రహీము చూచియుండగలిగినది ఒక్క వార్షికోత్సవమే. మౌలాలి ఇబ్రహీముచే స్థాపింపబడిన క్షేత్రమను వాడుక ఇందువలన సవరింపదగియున్నది. స్థాపకుడు సేవకుడు, రాజు వెనుక వచ్చినవాడు. యాత్రను రాజవంశాచారముగ నిలిపినవారు తరువాతి సుల్తానులు.

ఇబ్రహీము పేరు తెలుగుపండితులకు క్రొత్తది కాదు. మల్కిభరాముడని మన కవులు కీర్తించినవాడు ఈతడే. రాజ్యమునకు వచ్చుటకు ముందు ఏడేండ్లు విజయనగరమున రామరాయల యాశ్రయమున గడపి తెలుగు మక్కువను అలవఱచుకొనినవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును అంకితమందినది ఈ ప్రభువే. పొన్నికంటి తెలగనార్యుడు అచ్చతెలుగున రచించిన యయాతిచరిత్రమును అందుకొనిన అమీనుఖానుడు ఈతని రాజ్యమునందలి యధికారియే. షియామతస్థుడైన ప్రభువు, తెలుగు కావ్యములను కొనియాడు కొలువు, పేరులేని దాసుని స్వప్నము, ఈ మూడును ఒకే కాలమున ఒకే కోటలో నుండెను. మౌలాలి గుట్ట మొదటినుండియు ఒక వర్గమువారికే పరిమితము కాకుండుటకు ఈ వాతావరణము తోడ్పడియుండును.

హస్తముద్ర

రాతిమీది పవిత్రచిహ్నమును సేవించుట ఈ గుట్టకే ప్రత్యేకమైన యాచారము కాదు. ప్రవక్త పాదముద్రకు కదమె రసూల్ అని పేరు. బంగాళమునందలి గౌడనగరమున 1530 ప్రాంతమున అట్టి మందిరము కట్టబడినది. ఢిల్లీయందు షాహె మర్దాన్ అను చోట అలీ పాదముద్ర సేవింపబడుచున్నది. మౌలాలికి చేరువనున్న మఱియొక గుట్టకు సయితము కదమె రసూల్ గుట్టయనియే పేరు. గయలోని విష్ణుపదమును, అమరావతీ నాగార్జునకొండలయందు దొరకిన బుద్ధపాదములును తెలుగువారు ఎఱిగినవే. ఇవి ఒకదానినుండి యొకటి పుట్టినవని చెప్పుటకు ఆధారము లేదు. అయినను పాదముద్రను, హస్తముద్రను చూచి మ్రొక్కుట ఈ దేశమున వివిధమతములవారికి సుపరిచితమైన భక్తిరీతి గనుక, గుట్ట యెక్కినవానికి అచటి యారాధనము అపరిచితముగ తోపలేదు.

సమాధికిని ముద్రకును ఒక ముఖ్యభేదము కలదు. సమాధి యున్నచోట ఆ మహాత్ముని సంతతియో శిష్యసంతతియో సజ్జాదానశీనులై పీఠమును నిర్వహింతురు. గుల్బర్గాలోని బందేనవాజ్ దర్గా అట్టిది. అచట స్థలాధికారము వంశముతో ముడిపడియుండును. ముద్రయున్న చోట వంశము లేదు. యాకూతునకు సంతానము లేదు. కావున మౌలాలికి వారసులుగ నిలిచినది యాత్రికులే.

ఖుత్బా మాఱినది, గుట్ట మాఱలేదు

మసీదును దర్గాను వేఱుపఱచి చూచుట యెంత యవసరమో 17వ శతాబ్ది చరిత్ర తెలుపుచున్నది. గోలకొండ సుల్తానుల మసీదులయందు పండ్రెండుగురు ఇమాముల పేర్లు ఖుత్బాలో చదువబడుచుండెను. 1636లో షాజహాను చక్రవర్తి ఒత్తిడికి లోబడి అబ్దుల్లా కుతుబ్‌షా ఒక యొప్పందమునకు సమ్మతించెను. దాని ప్రకారము ఇమాముల పేర్లను తొలగించి, మొదటి నలుగురు ఖలీఫాల పేర్లను చదువవలసివచ్చెను. ఇట్లు ఒక రాజకీయపత్రమువలన మసీదులలోని పాఠమే మాఱిపోయెను. ఏబది యొక్క యేండ్ల తరువాత, 1687లో, ఔరంగజేబు గోలకొండను పట్టుకొనగా అబుల్ హసను తానాషా చెఱపట్టబడి, కుతుబ్‌షాహీ వంశమే అంతమొందెను.

కొండమీది హస్తముద్రకు ఖుత్బా లేదు. అచట ప్రభువు పేరు చదువవలసిన పనిలేదు. ఏ ప్రభువు వచ్చినను పోయినను మార్చవలసిన పాఠము దర్గాయందు లేదు. ఒప్పందములకు లోబడునది మసీదులోని వేదికయే గాని, కొండయెక్కి చేయి జోడించువాని మ్రొక్కు కాదు. కుతుబ్‌షాహీల రాజాదరము పోయినను యాత్ర నశింపకుండుటకు ఇది ప్రధానకారణముగ కనబడుచున్నది.

1687 తరువాత హైదరాబాదు కొంతకాలము మొగలాయి సుబేదారుల యేలుబడియందుండెను. 1724లో నిజాముల్‌ముల్కు స్వతంత్రుడైన తరువాతను ఔరంగాబాదే ప్రధానస్థానముగ నుండెను. నిజాం అలీఖాను (1762–1803) కాలమున హైదరాబాదు మరల రాజధాని యయ్యెను. ఈ నడిమి కాలమున గుట్టకు రాజయాత్ర సాగుటకు తగిన పరిస్థితి లేదు. అయినను సామాన్యుల యాత్ర నిలువలేదనుటకు ఒక స్త్రీ జీవితకథ సాక్ష్యమిచ్చుచున్నది.

రాజ్ కున్వర్ బాయి మ్రొక్కు

సుప్రసిద్ధ ఉర్దూకవయిత్రి మహ్‌లకా బాయి చందా 1768 ఏప్రిలులో జన్మించెను. ఆమె తల్లి రాజ్ కున్వర్ బాయి నర్తకి. గర్భవతియై యుండగా ఆమె పరివారముతో మౌలాలి యాత్రకు పోయెననియు, త్రోవలో గర్భస్రావభయము కలిగెననియు, తోడనున్న తజల్లీ అలీషా దర్గాకు పరుగెత్తి అచటి దారమును, ధూపపు విభూతిని తెచ్చి యీయగా గర్భము నిలిచెననియు ఆమె జీవితచరిత్రకారులు వ్రాసిరి. తజల్లీ అలీషా చిత్రకారుడు, కవి, చరిత్రకారుడు. అప్పుడు రాజ్ కున్వర్ బాయికి ఆఱవ నెలయని కథ.

ఈ కథను గణితముతో పరీక్షింపవచ్చును. మహ్‌లకా జన్మమునకు ముందు వచ్చిన రజబు 17 హిజ్రీ 1181 నాటిది. అది 1767 డిసెంబరు రెండవ వారమున పడినది. అచటినుండి ఏప్రిలు మొదటి పక్షమునకు నాలుగు నెలలు. డిసెంబరున గర్భమునకు ఆఱవ నెల జరుగుచుండెననుట సరిగా సరిపోవుచున్నది. యాత్ర వార్షికోత్సవసమయముననే జరిగినదని దీనివలన ఊహింపవచ్చును. కథయందలి అద్భుతాంశము విశ్వాసమునకు సంబంధించినది. తేది పొందిక మాత్రము చరిత్రమునకు ఉపకరించును. కుతుబ్‌షాహీ రాజ్యము కూలిన 80 ఏండ్లకు, నిజాం అలీఖాను అధికారమునకు వచ్చిన ఐదేండ్లకే, నర్తకీబృందము బండ్లుకట్టుకొని పోవునంతటి ప్రసిద్ధి ఆ యుత్సవమునకుండెను. అంతటి ప్రసిద్ధి ఐదేండ్లలో కొత్తగా పుట్టునది కాదు. నడిమి తరములవారు దానిని విడువక నడపిరనుటయే యుక్తము.

ఇట పంచాంగభేదమును స్మరింపవలయును. హిజ్రీ సంవత్సరమున అధికమాసము లేదు; అది సౌరసంవత్సరమునకంటె ఇంచుమించు పదునొకండు దినములు తక్కువ. అందుచే రజబు మాసము 33 ఏండ్లలో ఋతువులన్నింటిని చుట్టివచ్చును. 1578లో వర్షర్తువు చివర వచ్చిన పర్వము 1767లో చలికాలమున వచ్చినది. మన క్షేత్రోత్సవములు పంటలతోడను, ఋతువులతోడను ముడిపడియుండగా, మౌలాలి యాత్ర ఎండను, వానను, చలిని వరుసగ చూచుచు సాగినది. పంటచేతికి వచ్చిన కాలమున జరుగు జాతరకు సహజముగ లభించు జనసమ్మర్దము దీనికి ఏటేట లభింపదు. అట్లయ్యును నిలిచినదనుట దాని బలమును తెలుపుచున్నది.

మహ్‌లకా బాయి

తల్లి మ్రొక్కుతో పుట్టిన బిడ్డ గుట్టను మఱువలేదు. నిజాం అలీఖాను కొలువులో మహ్‌లకా, అనగా చంద్రవదన, అను బిరుదమునందిన ఆమె గానమునందును నృత్యమునందును మాత్రమే కాక, గుఱ్ఱపుస్వారి యందును విలువిద్యయందును ప్రవీణ. ఆమె ఉర్దూ గజళ్ల సంపుటము 1798లో కూర్పబడినది. దాని ప్రతి నొకదానిని ఆమె 1799లో మాల్కము దొరకు బహూకరింపగా అది లండనునకు చేరినది. ఆమె ప్రతి గజలును అయిదు ద్విపదలకు పరిమితము చేసి, తుదిద్విపదయందు అలీని స్మరించెను. దర్బారు శృంగారకవిత్వము అట్లు ప్రతిసారియు మౌలా వాకిటికే వచ్చి చేరుచున్నది. చరిత్రరచనకు కూడ ఆమె పోషకురాలై, గులాం హుస్సేన్ ఖాన్ జౌహరుచేత మాహ్‌నామా యను దక్కను చరిత్రమును వ్రాయించెను.

తల్లి మరణింపగా ఆమె మౌలాలి గుట్ట పాదమున 1792లో సమాధిమందిరమును, తోటను నిర్మింపించెను. 1824లో తానును అచటనే తల్లి ప్రక్కన ఖననము చేయబడెను. శిఖరముమీద సమాధి లేకున్నను, ఆ గుట్టను నమ్మిన యిద్దఱు స్త్రీల సమాధులు దాని పాదమున నున్నవి. కాలక్రమమున శిథిలమైన ఈ ప్రాంగణము అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో 2010–2011 ప్రాంతమున మరమ్మతు చేయబడినది.

యాకూతునుండి మహ్‌లకా వఱకు చూచినచో ఒక సామ్యము గోచరించును. ఒకడు వంశములేని యంతఃపురసేవకుడు. ఒకతె కులస్త్రీమర్యాద నందని నర్తకి. ఇద్దఱును రాజసభకు మిక్కిలి దగ్గఱివారు. ఇద్దఱును సమాజమర్యాదకు వెలుపలివారు. వంశముచే గౌరవము లభింపనివారికి వంశములేని ఈ దర్గా శరణ్యమైనది. రాజులు కట్టడములకు ధనమిచ్చిరి. కాని స్థలమునకు ప్రాణమిచ్చినవారు ఇట్టివారు.

అసఫ్‌జాహీల యాదరము

అసఫ్‌జాహీలు సున్నీలు. షియాప్రభువుల కాలమున వెలసిన స్థానమును వారేల పోషించిరను ప్రశ్న పుట్టును. దీనికి సమాధానములు మూడు. మొదటిది మతసంబంధము. అలీయెడల గౌరవము షియాలకు మాత్రమే చెందినది కాదు. సున్నీలకు అతడు నాలుగవ ఖలీఫా. అదిగాక చిశ్తీ, ఖాదిరీ మున్నగు సూఫీ గురుపరంపరలు అలీద్వారముననే ప్రవక్తను చేరును. సూఫీ సంప్రదాయము నెఱిగిన సున్నీకి మౌలా అలీ గురుపరంపరయందు ఆదిపురుషుడే. రెండవది రాజనీతి. రాజధానిని హైదరాబాదునకు మార్చిన ప్రభువునకు, పాతనగరపు ప్రజల ప్రియమైన యాచారమును తానును పాటించుట స్థానికులతో నేకమగు మార్గము. మూడవది జనుల యభిరుచి. హైదరాబాదు కొలువున షియాలు, సున్నీలు, కాయస్థులు, ఖత్రీలు, మరాఠా సర్దారులు, తెలుగు జమీందారులు కలిసియుండిరి. మీర్ ఆలం వంటి షియామంత్రియు, చందూలాల్ వంటి హిందూమంత్రియు ఆ కాలమున రాజ్యభారము వహించిరి. వీరందఱకును సమ్మతమైన ఉత్సవస్థలము నగరమునకు వెలుపల నొకటి యుండుట అవసరమయ్యెను.

అందుచే పూర్వము రజబు 17నాడు మాత్రమే జరిగిన యుత్సవము, అలీ జన్మదినముగ భావింపబడు 13వ తేదినుండియే ఆరంభమై, అయిదు దినములకు విస్తరించెను. ఈ విస్తరణము అర్థవంతమైనది. పదుమూడవ తేది లోకమందంతటను అలీభక్తులు పాటించునది. పదునేడవ తేది ఈ గుట్టకు మాత్రమే చెందినది. మహాసంప్రదాయపు తిథియు, స్థలసంప్రదాయపు తిథియు ఒకే పర్వమున కూడినవి. యాకూతు స్వప్నము తన స్థానమును కోల్పోక, పర్వసమాప్తియందు పట్టముగట్టుకొని యున్నది.

19వ శతాబ్దిలో ఉత్సవము గొప్ప సంతగను వినోదస్థానముగను పెరిగెను. సికింద్రాబాదు దండు చేరువనే యుండుట ఇందుకు తోడ్పడెను. హైదరాబాదు గుఱ్ఱపుపందెములు 1868 ప్రాంతమున మౌలాలియందే మొదలై, 1886లో మలక్‌పేటకు తరలిపోయెను. దారిమీది కమాను నేటికిని ఆ యూరికి గుఱుతుగ నున్నది.

గుట్ట పూర్వచరిత్రనుగూర్చి

ఇట్టి స్థలములనుగూర్చి వివాదము పుట్టినపుడు, దర్గాకు ముందు అచట నేముండెనని యడుగుట పరిపాటి. మౌలాలి పరిసరములయందు బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి. వానిని త్రవ్వి చూడగా ఇనుపయుగపు మానవుల నివాసము ఇచట నుండెనని రూఢమైనది. అనగా దర్గాకు అనేకశతాబ్దములకు మునుపే ఈ గుట్ట నీడను మనుష్యులు తమవారిని పాతిపెట్టిరి. అయినను ఆ ప్రాచీనులకును, యాకూతు కాలమువారికిని నడుమ అవిచ్ఛిన్నమైన ఆరాధనసంప్రదాయముండెనని చెప్పుటకు ఈ సమాధులు చాలవు. తెలంగాణమున ఇట్టి సమాధులు గుట్టల చేరువను పెక్కుచోట్ల కలవు. ఆ గుట్టలన్నియు పుణ్యస్థలములు కాలేదు. ఎత్తైన గుట్ట యెల్లకాలములందును మనుష్యుని దృష్టి నాకర్షించునను సామాన్యసత్యమునకు మించి దీనినుండి రాబట్టరాదు. ఇట మసీదుకంటె ముందుది మఱియొకటి యుండెననిగాని, ఏమియు లేకుండెననిగాని శాసనముచే స్థాపింపనిదే చరిత్రకారుడు పలుకరాదు. దొరకినంతవఱకు మౌలాలి చరిత్ర యాకూతుతోనే మొదలగుచున్నది.

ఫలితార్థము

పై విచారమువలన తేలిన విషయములు ఇవి. మౌలాలి దర్గా సమాధి కాదు, స్వప్నస్మారకము. దాని పర్వము వర్ధంతి కాదు, దర్శనదినము. దానికి మూలపురుషుడు సేవకుడు. రాజు ఆతని వెంబడించినవాడు. మసీదు రాజ్యముతోపాటు పాఠమును మార్చుకొనవలసివచ్చెను. హస్తముద్రకు ఆ యవస్థ పట్టలేదు. రాజాశ్రయము తెగిన యెనుబదేండ్లును యాత్ర నశింపలేదు. పునరాశ్రయము లభించినప్పుడు పాత తిథి చెక్కుచెదరక నిలిచియుండెను.

హైదరాబాదు పరిసరములందలి రక్షణీయ శిలాకూటములలో మౌలాలి గుట్టయు నొకటిగ లెక్కింపబడినది. నేడు గుట్ట చుట్టును ఇండ్లు దట్టముగ పెరిగినవి. నగరమందలి ఇతర నల్లరాతిగుట్టలు పెక్కు పగులగొట్టబడి కంకరగ మాఱినవి. ఇట మాత్రము రాతి రక్షణమే చరిత్రరక్షణము. ఏలయన, ఈ క్షేత్రమునకు తామ్రశాసనముకంటెను ప్రథమమైన యాధారము ఆ రాయియే. సమాధి కూలినచో మరల కట్టవచ్చును. మసీదు పాడైనచో పునరుద్ధరింపవచ్చును. పగులగొట్టిన గుట్టను మరల నిలుపుట యెవరి తరమును కాదు.

విద్యార్థులకు స్థానికచరిత్రను బోధించు పండితులు తమతమ గ్రామములందలి గుట్టలమీది దర్గాలను, గుడులను ఈ విధముననే పరీక్షింపవచ్చును. కట్టించినదెవరని మాత్రమే అడుగక, విడువక యెక్కినదెవరని కూడ అడిగినచో, రాజవంశావళులయందు కానరాని మనుష్యులు చరిత్రలోనికి వత్తురు. కథయందలి యద్భుతమును భక్తులకు విడిచి, తిథిని, వారమును, ఋతువును పట్టుకొని లెక్కించినచో, ఐతిహ్యము సయితము చరిత్రకు తగిన సాక్షిగ నిలుచునని మౌలాలి గుట్ట తెలుపుచున్నది.